చెరువు వెనక తుమ్మవనాన్ని బతికించాలంటే పది మంది వాలంటీర్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మీరు అడిగింది క్లుప్తంగా చెప్పుకుందాం. బద్వేలు దగ్గర మీ ఊరి చెరువు వెనక, వంక (వాగు) వచ్చి కలిసే చోట పాతిక ఎకరాల తుమ్మవనం ఉండేది. మీ చిన్నప్పుడు అక్కడ కొంగలు వందల్లో గూళ్లు పెట్టేవి. ఇప్పుడు సగం వనం ఎండిపోయింది, మిగతా సగాన్ని సర్కారు తుమ్మ, తూటికాడ కమ్మేశాయి. ఇంగ్లండ్‌లో వాలంటీర్లు తడి అడవుల్లో విల్లో చెట్లు కొడుతూ పని చేసే వీడియో చూసి మీకూ ఉత్సాహం వచ్చింది. పది మంది స్నేహితులున్నారు, ఆదివారాలు మాత్రమే ఖాళీ. జేసీబీతో సర్కారు తుమ్మ అంతా ఒకేసారి తీయించి వెయ్యి మొక్కలు నాటితే ఎలా ఉంటుందని అడిగారు.

సూటిగా చెప్తాను. మొదటి ఏడాది ఒక్క మొక్క కూడా నాటకండి. జేసీబీని అసలే పిలవకండి. ఆ ఏడాదంతా నీళ్లు ఎక్కడిదాకా వస్తున్నాయో, ఎన్నాళ్లు నిలుస్తున్నాయో చూడండి. చేతుల పని కావాలంటే తూటికాడ పీకండి, వంకకు అడ్డం పడినవి తీయండి. రెండో ఏడాది నుంచి సర్కారు తుమ్మను ఏడాదికి ఐదో వంతు చొప్పున తీయండి. మొక్కలు ఆ తర్వాత, అవీ కొన్నే. దీనికి పది మంది సరిపోతారు.

నేను ధర్మవరం వైపు ఒక చెరువు మీద పదకొండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. పైన చెప్పిన వాటిలో సగం మేం తప్పు చేసి నేర్చుకున్నవే.

మొదట నీళ్ల గురించి. నల్లతుమ్మ నెలల తరబడి నీళ్లలో మునిగి ఉన్నా తట్టుకుంటుంది, ఆ తర్వాత నెలల తరబడి ఎండలో నిలబడినా తట్టుకుంటుంది. దానికి రెండూ కావాలి. తడి ఎంత ముఖ్యమో, ఆరడం కూడా అంతే ముఖ్యం. మా జిల్లాలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్లు, అందులో మంచి వానలన్నీ సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. చెరువుకు నీళ్లొచ్చేది అప్పుడే, ఎండాకాలానికల్లా వెనకభాగం ఆరిపోతుంది. ఈ చెట్లు ఆ లెక్కకు అలవాటు పడ్డవి.

మా చెరువుకు హంద్రీ-నీవా కాలువ నీళ్లు వదిలినప్పుడు ఊరంతా పండగ చేసుకున్నాం. రెండేళ్లు చెరువు ఆరలేదు. మూడో ఏడాదికి ముందు వరసల్లోని తుమ్మలు నిలబడినవి నిలబడినట్టే ఎండిపోయాయి. తెగులు అనుకుని మేం మందు కోసం తిరిగాం. చివరికి మా ఊరి పాత నీరుగంటి (చెరువు నీళ్లు పొలాలకు వదిలే మనిషి) చూసి, వేళ్లకు గాలి అందక చచ్చాయని చెప్పాడు. అవతలి చివర మాత్రం చెట్లు వేరే కారణంతో ఎండుతున్నాయి: వంక నీళ్లు అక్కడిదాకా చేరడం లేదు. ఒకే వనంలో ఒక పక్క నీళ్లెక్కువై, ఇంకో పక్క నీళ్లు లేక. మీ వనం ఎందుకు ఎండిందో మీరు రాయలేదు. బహుశా మీకూ ఇంకా తెలియదు. మీ వైపు తెలుగుగంగ నీళ్లతో నింపే చెరువులు ఉన్నాయి కాబట్టి మీది అలాంటిదేమో ముందు కనుక్కోండి. కారణం తెలియకుండా వెయ్యి మొక్కలు నాటితే అవి కూడా అదే కారణంతో చస్తాయి.

చూడటం అంటే ఇలా. ప్రతి అమావాస్యకు నీళ్ల అంచు ఎక్కడుందో అక్కడ సున్నం పూసిన రాయి ఒకటి పెట్టండి, నెల పేరు రాయండి. కట్ట మీద ఒకే చోట నిలబడి ఒకే వైపు ఫోటో తీయండి. ఏడాది తిరిగేసరికి నేలే మీకు పటం గీసి ఇస్తుంది. ఆరు నెలలకు మించి నీళ్లుండే చోట చెట్లు వద్దు, అది జమ్ము, తుంగ ఉండాల్సిన జాగా. రెండు నుంచి ఐదు నెలలు మునిగే చోట నల్లతుమ్మ. పది రోజులో నెలో తడిసి వదిలే చోట కానుగ, నేరేడు, తెల్లమద్ది, ఈత. వంక గట్ల మీద వావిలి, మేడి.

వంకను కూడా పైకి నడిచి చూడండి. మేం చూస్తే రోడ్డు కింద తూములు ప్లాస్టిక్, మట్టితో పూడిపోయి ఉన్నాయి. ఇంకా పైన ఒకాయన పొలం గట్టు వంకలోకి జరిపేశాడు. తూములు మేమే మూడు ఆదివారాల్లో తీశాం. పూడిన కాలువను పంచాయతీ ద్వారా ఉపాధి హామీ పనుల్లో పెట్టించాం. ఆ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మొదలుపెట్టింది మా ఉమ్మడి అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. సరఫరా కాలువల పూడికతీత అందులో ఉండే పనే, ఇప్పుడు ఎలా ఉందో మీ పంచాయతీలో అడగండి. గట్టు జరిపినాయనతో మాట్లాడటానికి మాత్రం ఏడాదిన్నర పట్టింది. అతని మీద ఫిర్యాదు చేయకుండా వాళ్ల పెదనాన్న చేత చెప్పించాం. నిజం చెప్పాలంటే ఆ వనం మళ్లీ పచ్చబడింది ఆ ఒక్క గట్టు వెనక్కి జరిగినందుకే. మేం నాటిన మొక్కల వల్ల కాదు.

చెరువు కట్ట మీద చెట్లు నాటకండి. ఉత్సాహంలో అందరూ చేసే తప్పు ఇదే. వేళ్లు కట్టలోకి దిగుతాయి, చెట్టు చచ్చాక ఆ వేళ్లు కుళ్లి గొట్టాల్లాంటి సందులు మిగులుతాయి, వాటి వెంట నీళ్లు ఊరతాయి. మీకు దగ్గర్లోనే పోరుమామిళ్ల చెరువు శాసనం ఉంది, 1369 నాటిది, బుక్కరాయల కొడుకు భాస్కర భవదూర వేయించింది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెరువుకు రాకూడని ఆరు దోషాలు అందులో చెప్పారు. కట్ట నుంచి నీళ్లు ఊరడం ఆ దోషాల్లో ఒకటి. వెయ్యి మంది కూలీలు రెండేళ్లు పనిచేసి కట్టిన చెరువు అది. మీ కుర్రాళ్లందరినీ ఒక ఆదివారం అక్కడికి తీసుకెళ్లండి. చెరువు పని చేసేవాళ్లు ఆ శాసనం ముందు ఒకసారి నిలబడాలని నా కోరిక.

ఇక జేసీబీ సంగతి. మూడో ఏడాది మాకు ఒక దాత డబ్బులిచ్చారు. నాలుగు రోజుల్లో తొమ్మిది ఎకరాల సర్కారు తుమ్మ లేపేశాం. నేల అద్దంలా అయింది, ఫోటోలు చూసి అందరూ మెచ్చుకున్నారు. ఆ వానకు వదులైన మట్టి అంతా కొట్టుకొచ్చి తూము దగ్గర మేట వేసింది, ఆయకట్టు రైతులు మమ్మల్ని నిలదీశారు, వాళ్ల కోపం న్యాయమే. విరిగిన మొదళ్లు ఒక్కొక్కటి ఐదారు పిలకలు వేశాయి. నేలలో ఉన్న గింజలు వెలుతురు తగిలి ఒక్కసారిగా మొలిచాయి. రెండేళ్లలో ముందున్నదానికంటే చిక్కగా పెరిగింది. అన్నిటికంటే బాధ కలిగించింది గుడ్డికొంగలు. నల్లతుమ్మలు పోయాక అవి సర్కారు తుమ్మ మీదే గూళ్లు కట్టుకుంటున్నాయి, మేం పట్టించుకోలేదు. ఆ వానాకాలం వచ్చి రెండు రోజులు ఆ జాగా మీద తిరిగి వెళ్లిపోయాయి. మళ్లీ గూడు పెట్టడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ రెండు రోజులు నేను కట్ట మీదే ఉన్నాను, ఇప్పటికీ మర్చిపోలేను.

సర్కారు తుమ్మ మన దగ్గరి చెట్టు కాదు. 1877లో మద్రాసు అటవీ శాఖ వంటచెరకు కోసం గింజలు తెప్పించి మొదట వేసింది మీ కడప జిల్లా కమలాపురంలోనే. దాదాపు నూట యాభై ఏళ్లుగా ఉన్నదాన్ని నాలుగు రోజుల్లో పంపలేం. అది పిలకలు వేసేది నేలకు కొంచెం కింద ఉండే మొదలు నుంచి. పైన కొడితే మళ్లీ వస్తుంది. గునపంతో చుట్టూ తవ్వి, ఆ మొదలు మొత్తం బయటికి వచ్చేలా జానెడు లోతున తీయాలి. ఒక మాదిరి చెట్టుకు ఇద్దరికి అరగంట పడుతుంది. ఫిబ్రవరి, మార్చిలో తీయండి, అప్పటికి కాయలు పండవు. కాయలు పండితే మేకలు, ఆవులు తిని పేడతో ఊరంతా చల్లుతాయి. తీసిన జాగాలో వానలు పడ్డాక మొలకలు వస్తాయి. తడి నేలలో వేలెడు మొలక చేత్తో వస్తుంది. ఆ సమయంలో రెండు ఆదివారాలు కేటాయించకపోతే ముందు పడిన కష్టమంతా వృథా.

కొట్టే ముందు ప్రతి చెట్టునూ చూడండి. గూడు ఉంటే, గుడ్లు ఉంటే ఆ చెట్టు జోలికి పోవద్దు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం గూళ్లు, గుడ్లు పాడుచేయడం నేరం కూడా. ఏ నెలలో ఏ పక్షి గూడు పెడుతుందో మీ చెరువు దగ్గరే రాసుకోండి, ఒక్కో పక్షిది ఒక్కో కాలం. మా హిందూపురం వైపు చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకొక్కెరలు (పెయింటెడ్ స్టార్క్‌లు) చలికాలం చివర్లో వస్తాయి, ఊరి మధ్య చింతచెట్ల మీదే పిల్లల్ని లేపుతాయి. అందరూ సైబీరియా కొంగలు అంటారు కానీ అవి మన దేశపు పక్షులే. ఆ ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. ఆ కాలంలో చింతచెట్టు కింద పని ఉన్నా ఆపుకుంటారు. మీరొకసారి వెళ్లి వాళ్లతో కూర్చుని మాట్లాడండి. చుట్టుపక్కల చెరువుల్లో చేపలుంటేనే ఆ పక్షులకు తిండి. చెరువుతో పాటే చెట్టును చూసుకోవాలి.

తూటికాడ గురించి ఒక్క మాట. దాని కాడ ముక్క ఒక్కటి తడి మట్టిని తాకినా వేళ్లు వేస్తుంది. కొట్టి నీళ్లలో పడేయడం అంటే నాటడమే. వేళ్లతో సహా పీకి, గట్టు మీద బండల మీద ఎండబెట్టండి. దాని పాలు కళ్లలో పడకుండా చూసుకోండి.

వీడియో సంగతికి వస్తాను. ఇంగ్లండ్ తడి అడవుల్లో విల్లో, ఆల్డర్ గుబురుగా పెరిగి కింద వెలుతురు చేరదు. అందుకని అక్కడివాళ్లు చలికాలంలో, పక్షులు గూళ్లలో లేనప్పుడు, కొన్ని చెట్లను మొదలు దాకా కొట్టి చిగురించనిస్తారు. ఏడాదికి ఒక ముక్క చొప్పున. మనకు వెలుతురు కొరత లేదు. ఇక్కడ కొట్టిన మొదలు చిగురిస్తే మరుసటి వారానికి మేకలు చేరతాయి. కాబట్టి ఆ నరుకుడు మనకు వద్దు. కానీ ముక్కలు ముక్కలుగా పని చేయడం, ఎండిన మానును అలాగే ఉంచడం, ఈ రెండూ తీసుకోండి. నీళ్లలో ఎండి నిలబడ్డ తుమ్మమోడు మీదే నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటాయి. లకుముకిపిట్ట చేప కోసం కాచుకునేదీ అక్కడే. తొర్రల్లో పైడికంటెలు (చిన్న గుడ్లగూబలు), ఉడుములు ఉంటాయి. ఊళ్లో పొయ్యిలోకి కట్టెలు కావాలి కదా అంటారు. కింద పడినవి తీసుకోండి, నిలబడినవి వదిలేయండి అని మేం ఒప్పందం చేసుకున్నాం. తీసిన సర్కారు తుమ్మ కట్టెలు కూడా ఊరికే ఇచ్చాం, దాంతో మాట నిలబడింది.

మొక్కల విషయం. నర్సరీ మొక్కలకు డబ్బు పెట్టొద్దు. నల్లతుమ్మ గింజలు మేకల దొడ్డిలో దొరుకుతాయి. మేక కడుపులోంచి వచ్చిన గింజ బాగా మొలుస్తుంది, దొడ్డి ఊడ్చేవాళ్లను అడిగితే సంచి నిండా ఇస్తారు. కానుగ గింజ వానాకాలంలో నేరుగా నేలలో పెట్టండి. నేరేడు గింజ మాత్రం ఆగదు, పండు తిన్న రెండు వారాల్లోపు నాటాలి, ఎండబెట్టి దాస్తే మొలవదు. మర్రి, మేడి కొమ్మలు మణికట్టు లావువి వానల్లో నాటితే పట్టుకుంటాయి. వావిలి కొమ్మ ఎక్కడ గుచ్చినా వస్తుంది, మేకలు ముట్టవు, అందుకని లేత మొక్కల చుట్టూ దాన్నే కంచెగా పెట్టాం. సర్కారు తుమ్మ ముళ్లకొమ్మలు కూడా మంచి కంచె. మేం మొత్తం పదకొండేళ్లలో నాటింది నాలుగు వందలు దాటదు. వంక సరిపడ్డాక మిగతాదంతా దానంతటదే మొలిచింది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ వాళ్లు 1990లో 32 ఎకరాల బీడుతో మొదలుపెట్టారు. ఊళ్లతో కలిసి వాళ్లు పెంచిన కల్పవల్లి కొండలు చూస్తే, కాపాడితే నేల తనే ఎంత చేస్తుందో తెలుస్తుంది. వీలుంటే వెళ్లి చూడండి.

తడి లేని చోట చెట్లు నాటొద్దు. మీ వాలంటీర్లలో ఎవరో ఒకరు చెరువు పైన ఖాళీగా ఉన్న పొదల నేల చూసి అక్కడా నాటుదాం అంటారు. అప్పుడు మీరు గట్టిగా వద్దనాలి. లంకమల పక్కన మీ ప్రాంతంలోనే, పోయిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో మళ్లీ కనిపించింది. దానికి కావలసింది పలచని పొదలు, మధ్యలో ఖాళీ నేల. అక్కడ చెట్లు కిక్కిరిస్తే దానికి చోటు లేదు. కర్నూలు వైపు రోళ్లపాడులో బట్టమేకపిట్ట కోసం కాపాడింది కూడా గడ్డినేలనే. బీడు అని మనం పిలిచేది ఇంకో ప్రాణికి ఇల్లు.

మనుషుల సంగతి. చెరువు ఎవరి కింద ఉందో ముందు తెలుసుకోండి, చిన్నదైతే పంచాయతీ, పెద్దదైతే జలవనరుల శాఖ. పాత తుమ్మవనాలు చాలా చోట్ల సామాజిక అడవుల కింద నాటినవి, అలాగైతే అటవీ శాఖను అడగాలి. 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ఉంది, చెట్టు కొట్టే ముందు అనుమతి కాగితం చేతిలో ఉండాలి. గ్రామసభలో తీర్మానం చేయించుకుని నకలు ఫోన్‌లో పెట్టుకోండి. చేపలు పట్టే సొసైటీ వాళ్లతో, మేకలవాళ్లతో, బొగ్గు బట్టీల వాళ్లతో విడివిడిగా కూర్చోండి. మేకలవాళ్లను మేం మొదట్లో శత్రువుల్లా చూశాం, అది పెద్ద తప్పు. రోజూ అక్కడ ఉండేది వాళ్లే, మీరు ఆదివారం మాత్రమే ఉంటారు. ఇప్పుడు మా వనంలో పక్షి గూడు ఎక్కడ పెట్టిందో మాకు మొదట ఫోన్ చేసేది ఒక మేకల కాపరే.

శనక్కాయ రైతులకు అడవిపందుల టెన్షన్ ఉంటుంది. పందులు పగలు సర్కారు తుమ్మ గుబురులో పడుకుని రాత్రి చేలో పడతాయి. కాబట్టి మీరు తీయాల్సిన మొదటి ఐదో వంతు చేల అంచున ఉన్నది. దాంతో రైతులు మీ వైపు వస్తారు. నీళ్ల అంచున ఉన్నది చివరికి వదలండి, గూళ్లు ఉండేది అక్కడే.

పది మంది, ఆదివారాలు. అందరూ ప్రతి వారం రారు, ఆరుగురు వస్తే బాగా వచ్చినట్టే. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ఆపేయండి, మార్చి దాటితే ఎనిమిదిన్నరకే. సర్కారు తుమ్మ ముల్లు చెప్పును దాటుకుని దిగుతుంది, మందపాటి అడుగున్న బూట్లు తప్పనిసరి. అందరూ టీటీ ఇంజెక్షన్ వేయించుకోండి. ముల్లు విరిగి లోపల ఉండిపోతే ఇంట్లో సూదితో గుచ్చుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మాలో ఒకతనికి కీలు దగ్గర చీము పట్టి నెల రోజులు కుంటాడు. జమ్ములోకి దిగేటప్పుడు ముందు కర్రతో తట్టండి, పాములకు తప్పుకునే సమయం ఇవ్వండి. ఈత రానివాళ్లు మోకాలు లోతు దాటొద్దు, పూడిక తీసిన గుంతలు పైకి కనపడవు.

జనవరిలో నీటిపక్షుల గణన ఉంటుంది, ఆసియా అంతటా 1987 నుంచి జరుగుతోంది. మీ చెరువునూ అందులో లెక్కపెట్టి, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించండి. ఏ పక్షి ఏదో తెలియకపోతే కొంగ, బాతు, నీటికాకి అని మూడు గుంపులుగా లెక్కపెట్టినా మొదటి ఏడాదికి చాలు. ఐదేళ్ల తర్వాత అధికారుల దగ్గరికి వెళ్లినప్పుడు మీ మాటకు బలం ఆ లెక్కలే.

వచ్చే ఆదివారం పనిముట్లు ఏమీ తీసుకెళ్లొద్దు. సున్నం, పది రాళ్లు, ఒక నోటుపుస్తకం చాలు. వంక వెంబడి రెండు కిలోమీటర్లు పైకి నడవండి, వీలైతే మీ ఊరి ముసలి నీరుగంటిని కూడా తీసుకెళ్లండి. ఎక్కడ నీళ్లు ఆగుతున్నాయో, ఎక్కడ పక్కకు పోతున్నాయో ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.